తొండ గోడ ఎక్కింది

మొన్న మా పక్కింటావిడ పేడాల డబ్బా పట్టుకొని వచ్చింది. వాళ్లబ్బాయి ఏదో పరీక్ష పాసయ్యాడట. డబ్బా మూత తీసి "తోండ్ గోడ్ కరా" అంది. మరాఠీలో తోండ్ అంటే నోరు, గోడ్ అంటే తీపి. నోరు తీపి చేసుకోండి అని. నాగపూర్‌లో శుభవార్త చెప్పేవాళ్లందరూ అనే మాటే ఇది. నేను పేడా నోట్లో పెట్టుకొని పకపకా నవ్వాను. పాపం ఆవిడ, కొడుకు మార్కులు విని నవ్వుతున్నాననుకుందేమో, మొహం చిన్నబుచ్చుకుంది. ఎందుకు నవ్వానో చెప్పాలంటే ఆవిడను మా సిరోంచ దాకా తీసుకెళ్లాలి. "ఏం లేదు వదినా, చిన్నప్పటి సంగతేదో గుర్తొచ్చింది" అని సర్దిచెప్పి పంపాను. ఆవిడకు చెప్పలేనిది ఇక్కడ చెప్పుకుంటాను.

మా ఇల్లు సిరోంచలో నది పక్కన. ఇవతలి ఒడ్డు మహారాష్ట్ర, అవతలి ఒడ్డు తెలుగు రాష్ట్రం. అప్పటికి వంతెనలు లేవు, చుట్టాల పెళ్లిళ్లకు నాటు పడవల్లో దాటి పోయేవాళ్లం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో మూడు నాలుగు భాషలు కలిపి కొట్టిన తొక్కు. నోరు తెరిస్తే తెలుగే కాని మాకు ఒక్క తెలుగు అక్షరం రాదు. అవతలి ఒడ్డు నుంచి పెళ్లి పత్రిక వస్తే మా బాపు, అంటే మా నాన్న, గణపతి బొమ్మను బట్టి ఏది పైనో ఏది కిందో తేల్చుకునేవాడు. ముహూర్తం ఎప్పుడో పత్రిక తెచ్చినవాణ్ణే అడిగేవాళ్లం.

నేను ఎనిమిదో తరగతికి వచ్చేసరికి నిబంధ్ రాయడంలో నన్ను మించినవాళ్లు లేరని బడిలో పేరు పడింది. నిబంధ్ అంటే వ్యాసం. బడి వార్షికోత్సవాన్ని మేం గ్యాదరింగ్ అనేవాళ్లం. ఐదో తరగతి నుంచీ గ్యాదరింగ్‌లో స్టేజీ ఎక్కి నిబంధ్ చదివేది నేనే. మా బాపు బజారులో ఎవరు ఎదురుపడ్డా "మా బిడ్డ మంచిగ రాస్తది" అని చెప్పుకొనేవాడు. ఏం రాస్తది అని ఎవరూ అడగలేదు కాబట్టి బతికిపోయాను. నేను రాసేదంతా గైడులోది.

ఆ గైడుకు అట్ట కూడా లేదు. అక్క నుంచి చెల్లెకు, చెల్లె నుంచి పక్కింటికి చేతులు మారుతూ పసుపు మరకలు పడి మా దగ్గరికి చేరింది. అందులో సముద్రపు ఒడ్డున ఒక ఉదయం గురించి నిబంధ్ ఉండేది. సెలవులకు కొంకణ్‌లో ఉన్న మామ ఇంటికి వెళ్లడం, మామ తెల్లారకముందే లేపి అలలు చూపించడం, గవ్వలు ఏరుకోవడం. మా తరగతిలో నలభై మందిమి. నలభై మందికీ ఆ ఒక్కడే మామ. నా అసలు మామ రేగుంటలో ఉండేవాడు, ఆయనకు రెండు ఎడ్లు, విడవని దగ్గు. ఆయన గురించి రాయొచ్చన్న ఊహే మాకు లేదు. నాకున్న ప్రజ్ఞ అల్లా అందరికంటే బాగా బట్టీ పట్టడం, అక్షరాలు ముత్యాల్లా దించడం. ఆ సంగతి నాకు లోపల తెలుసు. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు కనిపెడతారని, బాపు పరువు బజారులో పోతుందని భయం భయంగానే ఉండేది.

ఆ ఏడు వరికోతలకు ముందు మరాఠీ చెప్పడానికి కొత్త టీచరమ్మ వచ్చింది. పడమటి మహారాష్ట్రలో సాతారా దిక్కు మనిషి, తెలుగు ముక్క రాదు. ఆ వైపు ఉద్యోగులకు మా ఊరికి బదిలీ అంటే శిక్ష పడ్డట్టే. వచ్చిన మర్నాటి నుంచే తిరుగుదారి వెతికేవాళ్లు. ఈమె మాత్రం రెండు ట్రంకుపెట్టెలు, ఒక తులసి కుండీతో బస్సు దిగింది. "నన్ను బాయి అనండి చాలు" అంది. మరాఠీలో టీచరమ్మను అలాగే అంటారు. ఇంటికి వెళ్లి, బడికి కొత్త బాయి వచ్చిందని చెప్పాను. మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, చేట పక్కన పెట్టి, "ఎంత లోతున్నదే? నీళ్లు పడ్డయా?" అని అడిగింది. మా మాటలో బాయి అంటే బావి మరి.

వచ్చిన వారానికే బాయి మా నిబంధ్ పుస్తకాలు దిద్దింది. దిద్ది, కట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, చాలాసేపు మా మొహాలు చూసింది. ఆమె మాట్లాడేది మరాఠీలోనే, ఇక్కడ తెలుగు చేసి చెబుతున్నాను.

"మీ అందరికీ కొంకణ్‌లో మామ ఉన్నాడా?"

అందరం తలలు దించుకొని బల్లలు చూశాం.

"సముద్రం చూసినవాళ్లు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు.

"మరి నదిలో మునిగి నీళ్లు తాగినవాళ్లు?"

నలభై చేతులు లేచాయి. కొందరైతే రెండు చేతులూ ఎత్తారు. బాయి నవ్వలేదు. "సోమవారానికి ఒక్కొక్కరు ఒక్కో నిబంధ్ రాసి తేవాలి. మీకు తప్ప ఈ తరగతిలో ఇంకెవరికీ తెలియని సంగతి అయ్యుండాలి. అందులో ఒకటి గ్యాదరింగ్‌లో చదివిస్తాను" అని పుస్తకాలు పంచింది. నా పుస్తకం ఇస్తూ, "నీ అక్షరాలు చాలా బాగున్నాయి" అంది. రాసింది బాగుందని అనలేదు. ఆ తేడా నాకు అర్థమైంది.

ఆ నాలుగు రోజులు నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. కాగితం పైన శ్రీ అని రాసి కింద గీత గీసేదాన్ని. గీత కింద ఏమీ వచ్చేది కాదు. నాకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటే ఉంది, నాకు రాయడం రాదన్న సంగతి. అది రాసి ఇవ్వలేను కదా. చివరికి శనివారం మా చిన్నమ్మ ఇంటికి వెళ్లి, వాళ్ల అటక మీద దుమ్ములో వెతికి, ఇంకో పాత గైడు సంపాదించాను. అందులో ఒక చిరిగిన గొడుగు తన కథ తానే చెప్పుకొనే నిబంధ్ దొరికింది. సాతారా మనిషి దీన్ని చూసి ఉండదులే అని గుండె రాయి చేసుకొని, గుండ్రటి అక్షరాలతో మంచి పుస్తకంలోకి ఎక్కించాను. గొడుగు కన్నీళ్లు పెట్టుకొనే చోట అక్షరాలు ఇంకా అందంగా వచ్చాయి.

ఆదివారం నన్ను అవ్వకు తోడుగా కళ్లం దగ్గర వడ్లకు కాపలా పెట్టారు. కొత్త గడ్డి వాసన, ఎండలో వెచ్చబడ్డ వడ్ల వాసన. అవ్వ మూడు రాళ్ల పొయ్యి మీద అనపకాయలు ఉప్పేసి ఉడకబెట్టింది. పచ్చి చింతకాయను ఉప్పూ కారం అద్దుకొని నంజుకుంటూ, అనపకాయలు చీకి తొక్కలు మేకకు వేస్తూ కూర్చున్నాం. అవ్వ అటు తిరిగినప్పుడల్లా నేను ఉప్పు ఎక్కువ అద్దుకొనేదాన్ని. ఆమె చూస్తూనే ఉండేది, అనేది కాదు. ఒడిలో రఫ్ పుస్తకం పెట్టుకొని, గొడుగు నిబంధ్ ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

"ఏందే, గట్ల బొమ్మ లెక్క కూసున్నవ్? ఎందుకంత పరేషాన్?" అంది అవ్వ.

"నాకొక్కదానికే తెలిసింది రాయాల్నట. నాకేం తెలుస్తది అవ్వా?"

"నీకు తెల్వకుంటె నాకు తెలుసు. నేను చెప్త, నువ్వు రాస్కో."

"నీ మాట మరాఠీల ఎట్ల రాయాలె?"

"గది నాకేమెరుక? నేనైతె చెప్త." అనపకాయ గింజ నోట్లో వేసుకొని మొదలుపెట్టింది. "పెద్ద వరదొచ్చిన నాడు మీ తాత ఎడ్లను తోలుకొని గడ్డ మీదికి పోయిండు. నేను గుడ ఎన్కాలనే పోవాల్నా, విత్తనం వడ్లు ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె? మల్ల ఇంట్లకొచ్చిన. వచ్చెటాళ్లకు నీళ్లు గడప దాటినయ్. ఇగ బయటికి పోవరాలె. వడ్ల గుమ్మి ఎక్కి కూసున్న. ఒడిల కోడి. ఎదురుంగ గోడ, గోడకు ఒక తొండ. నీళ్ల దిక్కు సూస్తె కండ్లు తిరుగుతున్నయ్. అందుకె నేను తొండ దిక్కే సూసిన. తొండ గోడ ఎక్కితె నీళ్లు ఎక్కుతున్నట్టు."

ఈ కథ నేను నూరుసార్లు విన్నదే. కాని ఆ రోజు చేతిలో కలం ఉంది. మొదటి వాక్యాన్ని మరాఠీలోకి మారుద్దామని చూశాను. నేను తాతను, ఎడ్లను గడ్డ ఎక్కించేలోపు అవ్వ గుమ్మి ఎక్కి కూర్చుంది. ఇలా కాదని, ఆమె నోట్లోంచి వచ్చింది వచ్చినట్టే, తెలుగు మాటలనే మరాఠీ అక్షరాల్లో గీకడం మొదలుపెట్టాను. ఎవరికీ చూపించేది కాదు కదా అన్న ధైర్యం. మరాఠీ రాతకు పొట్టి ఒ లేదు, మాట చివరి అకారం పలకరు. అవీ, కొమ్ములూ దీర్ఘాలూ ఏవీ పట్టించుకోలేదు. తొండ గోడ ఎక్కింది. జానెడు ఎక్కింది. ఆగింది. తల ఊపింది. అవ్వ కోడి ముక్కు మూసింది, అది అరిస్తే తొండ ఎటైనా పోతుందని. తొండ గోడ ఎక్కింది. ఇంకో జానెడు ఎక్కింది. మట్టి గోడ, నానితే కూలుతుంది.

"నీకు భయం కాలేదా అవ్వా?"

"నాకెందుకు భయం? నేను భయపడలె. కోడి భయపడ్డది."

అది కూడా రాసుకున్నాను. చెయ్యి నొప్పి పుట్టినా ఆపబుద్ధి కాలేదు. పిట్టలు వచ్చి వడ్లు తిన్నాయి కూడా, సాయంత్రం అమ్మ తిట్టింది.

నా రెండు పుస్తకాలకూ ఒకే పాత క్యాలెండరు కాగితాల అట్టలు. సోమవారం పొద్దున బడికి ఆలస్యమై, సంచిలో చెయ్యి పెట్టి అందిన పుస్తకం తీసి కట్టలో పడేశాను. ఇంటికొచ్చి చూసుకుంటే చిరిగిన గొడుగు భద్రంగా సంచిలోనే ఉంది. బాయి దగ్గరికి పోయింది రఫ్ పుస్తకం. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తరగతిలో తెలుగు మాట్లాడితేనే హెడ్ సర్ వరండాలో నిలబెట్టేవాడు. నేను ఏకంగా మరాఠీ పుస్తకంలో తెలుగు రాసి, అదీ కోడి కెలికినట్టు గీకి, బల్ల మీద పెట్టి వచ్చాను. మంగళవారం కడుపునొప్పి అని బడి ఎగ్గొట్టాను. అవ్వ పిడికెడు వాము నమిలించింది. బుధవారం కూడా కడుపునొప్పి అంటే ఇంకో పిడికెడు తీసింది. ఇక వామూ వద్దు, ఏదీ వద్దని బడికి వెళ్లాను.

బాయి కట్ట తెచ్చింది. అన్నిటికన్నా పైన నా పుస్తకం. నన్ను లేచి నిలబడమంది.

"అభినందనలు" అంది. "ఇంట్లో ఏం శుభవార్త?"

నేను పక్కవాళ్ల మొహాలు చూశాను.

"మరాఠీ ఇంత ఘోరంగా పాడు చేశావేమిటని కోపం వచ్చింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. కాని అర్థమైన చోట మాత్రం తోండ్ గోడ్, తోండ్ గోడ్ అని తొమ్మిదిసార్లు రాశావు. తొమ్మిదిసార్లు నోరు తీపి చేసుకొని, నాకు ఒక్క పేడా అయినా తేలేదే."

తరగతి మొత్తం అయోమయంగా చూసింది. ఏం రాశానో వాళ్లకూ తెలియదు. అప్పుడు బాయి పుస్తకం తెరిచి, ఒకటో తరగతి పిల్లల్లా కూడబలుక్కుంటూ పైకి చదివింది. "తోండ్ గోడ్ ఎక్కిందీ. జానేడూ ఎక్కిందీ."

పైకప్పు రేకులు ఎగిరిపోయేంత నవ్వు. చివరి బెంచీలో కూర్చునే నా స్నేహితురాలు కళ్లు తుడుచుకుంటూ లేచింది. మరాఠీలో తొండను సరడా అంటారు, గోడను భింత్ అంటారు. "బాయి, నోరూ కాదు, తీపీ కాదు. సరడా భింత్ ఎక్కింది" అని, మెడ పైకీ కిందికీ ఊపి తొండను చేసి చూపించింది. ఇంకా గట్టిగా నవ్వారు. నేను కాళ్ల కింద నేలను చూస్తూ నిలబడ్డాను. బెత్తం ఎప్పుడు పడుతుందా అని అరచేతులు ముందే మండుతున్నాయి.

బాయి బెత్తం తీయలేదు. కళ్లజోడు సర్దుకొని మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టింది, ఒక్కో మాట పొల్లు పోకుండా. ఆమె తప్పు పలికినచోట పిల్లలు సరిచేశారు. తోండ్ కాదు, తొండ. గోడ్ కాదు, గోడ. కాసేపటికి నవ్వులు తగ్గాయి. నీళ్లు గడప దాటేసరికి సరిచేయడం కూడా మానేశారు. ఆమె ఎలా పలికినా వాళ్లకు అర్థమవుతోంది. ఆ తరగతిలో వరద రాని ఇల్లు లేదు. తనకు అర్థం కాని మాటలను బాయి మెల్లగా చదువుకుంటూ పోతుంటే పిల్లలంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. బాయి పేజీ తిప్పడానికి ఆగింది. చివరి బెంచీ నుంచి, బాయి ముందు తెలుగు మాట్లాడకూడదన్న సంగతి మరిచిపోయి, నా స్నేహితురాలు అడిగింది.

"గోడ పడ్డదా?"

నన్ను అడిగింది. గైడును కాదు. తర్వాత ఏమైందో నాకు తప్ప ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. మూడేళ్లుగా స్టేజీ ఎక్కి చదివినదానిలో ఒక్కదాని గురించి కూడా తర్వాత ఏమైందని ఎవరూ అడగలేదు.

"పడలె" అన్నాను. "తొండ దూలం దాకపోయి ఆగింది. మల్ల కిందికి దిగింది."

అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు. వాళ్లతోపాటు నేనూ వదిలాను. ఎన్నాళ్ల నుంచి బిగబట్టానో ఆ ఊపిరి. నెత్తి మీది గడ్డిమోపు దించినట్టయింది. నాకు రాయడం వచ్చు.

బాయి పుస్తకం మూసింది. "నేను చెప్పే మరాఠీకి మీరు ఎప్పుడూ ఇంత నిశ్శబ్దంగా లేరు" అంది. మధ్యాహ్నం విరామంలో నన్ను పిలిచి కథంతా మరాఠీలో చెప్పమంది. తడబడుతూ, మాట దొరకని చోట చేతులతో చూపిస్తూ చెప్పాను. గైడు లేకుండా నేను మాట్లాడిన మొదటి మరాఠీ అది, తప్పులతడక. ఆమె ఒక్క తప్పూ దిద్దలేదు. నాకు దుఃఖం పొంగుకొచ్చి, అసలు ఇవ్వాలనుకున్నది ఈ పుస్తకం కాదని, గొడుగు సంగతి చెప్పేశాను.

"చిరిగిన గొడుగేనా? మీ తరగతిలో ఇద్దరు ఇచ్చారు" అంది బాయి. "మేం చదువుకున్నప్పుడు కూడా అదే గొడుగు. అప్పటికే చిరిగి ఉండేది."

ఆ సాయంత్రం గొడుగు కాగితాలు చింపి పొయ్యిలో పెట్టాను. నీళ్లు కాగాయి.

గ్యాదరింగ్‌లో ఇద్దరం స్టేజీ ఎక్కాం. నేను తెలుగులో కొంత చదివితే, బాయి పక్కన నిలబడి అంత మేరకు మరాఠీలో చెప్పింది. హెడ్ సర్ మొదట మొహం ముడుచుకొని కూర్చున్నాడు కాని, కోడి ముక్కు మూసిన చోట తెలుగు విని ముందే నవ్వేశాడు. ఆయనది కూడా మా ఊరే. బహుమతి ఏదీ రాలేదు. సముద్రం మీద రాసిన పక్క తరగతి అమ్మాయికి వచ్చింది. నాకు ఇసుమంత కూడా బాధ కలగలేదు. అవ్వ ముందు వరసలో ఆడవాళ్ల మధ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. ఇంటికి వచ్చే దారంతా ఏమీ మాట్లాడలేదు.

తెలుగు అక్షరాలు నేను చాలా ఆలస్యంగా, పెళ్లయ్యాక నేర్చుకున్నాను. ఇప్పుడు నా కథలు నలుగురు చదువుతున్నారు. ఇప్పటికీ తొందరలో ఏదైనా తడితే ముందు మరాఠీ అక్షరాల్లోనే తెలుగు గీకుతాను. ఏ వాక్యమైనా మరీ అందంగా, గుండ్రంగా వస్తే అనుమానం వచ్చి కొట్టేస్తాను. రాయడం ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడుగుతుంటారు. బాయి పేరు చెబుతాను. అది నిజమే. కాని గ్యాదరింగ్ మర్నాడు జరిగింది మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున అవ్వ అరుగు మీద ఎండకు కూర్చొని నన్ను పుస్తకం పట్టుకు రమ్మంది.

"అంత మంచిగనే చెప్పినవ్ గని, ఒక్కటి తప్పు చెప్పినవ్" అంది.

"ఏంది?"

"నేను భయపడలె అని చెప్పినవ్."

"నువ్వే కదనే గట్ల చెప్పింది."

"చెప్పిన. ఇంతమందికి గట్లనే చెప్పిన. మీ తాతకు గుడ గట్లనే చెప్పిన." అవ్వ నది వైపు చూసింది. "నువ్వు నిన్న గంతమంది ముంగట సదువుతుంటె నాకు సిగ్గనిపించింది. భయమైందే. మస్తు భయమైంది. ఏడ్సిన. రాయి గది గుడ."

నేను అక్కడే కూర్చొని, భయపడలె అన్న మాట కొట్టేసి, దాని పైన చిన్న అక్షరాలతో భయమైంది అని రాశాను. అవ్వకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. నా భుజం మీదుగా వంగి, "ఏడ రాసినవ్, సూపియ్" అంది. వేలు పెట్టి చూపించాను. ఆ వేలెడంత మాటను కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"గంత భయానికి గింతే జాగనా?" అంది.

నేను కొత్త పేజీ తీశాను.